లైన్ క్లియర్ అన్న గొంతు

ముచనేటా అంటే 'మీరే అలసిపోతారు' అని అర్థం. ఆమె పుట్టిననాటికి పక్కింటివాళ్ళతో గోడ తగువు నడుస్తోంది. వాళ్ళమ్మ పంతం కొద్దీ బిడ్డకు ఆ పేరు పెట్టి, అవసరం ఉన్నా లేకపోయినా గోడ మీదుగా గొంతెత్తి పిలిచేది. పక్కింటివాళ్ళు నిజంగానే అలసిపోయి ఇల్లు మారారు. గ్వేరు ఊళ్ళో పేర్లు ఊరికే పెట్టరు. పెట్టినవాళ్ళ కోపం చల్లారినా, పెట్టించుకున్నవాళ్ళు దాన్ని జన్మంతా మొయ్యాలి.

ముచనేటా బాగానే మోసింది. కరెంటు పని నేర్చుకుంది. నిచ్చెనెక్కిన ఆడదాన్ని చూసి నవ్విన మగవాళ్ళు అలసిపోయేదాకా ఎక్కింది. ఇప్పుడు ఊళ్ళో ఫోనుతో వెలిగే బల్బులు ఎవరింట్లో మొరాయించినా ఆమెకే కబురు వెళ్తుంది. ఆ బల్బుల గుణం తెలియంది ఎవరికి? ఒకటి జోహాన్నెస్‌బర్గ్ నుంచి అల్లుడు తెస్తాడు, ఒకటి దుబాయ్ నుంచి చెల్లెలు పంపుతుంది, మిగిలినవి బజారు సరుకు. దేని కంపెనీ దానిది, దేని యాప్ దానిది, ఒకటి వింటే ఇంకొకటి వినదు. తోడికోడళ్ళందరినీ ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టడమైనా సులువే. ముచనేటా వాటిని బుజ్జగించి, బెదిరించి, చివరికి అన్నిటినీ మాట వినే ఒక పెట్టెకు ముడివేసేది. బల్బులకు సంబంధాలు కుదిర్చే మనిషని ఊళ్ళో పేరు. తన పెళ్ళి మాటెత్తితే మాత్రం, "మగాణ్ణి రీసెట్ చేసే స్విచ్చు ఎక్కడుందో చెప్పండి, అప్పుడు ఆలోచిస్తా" అనేది.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. అది నేర్చుకున్నది కాదు, తండ్రి నుంచి వచ్చింది. గరికాయ్ కుటుంబానికి వీళ్ళు సహ్విరాలు. సహ్విరా అంటే రక్తం పంచుకోని చుట్టం. పెళ్ళిలో పెళ్ళికొడుకుని తిట్టిపోసే హక్కు ఉంటుంది. చావింట్లో నవ్వించాల్సిన బాధ్యత ఉంటుంది. పోయినవాడి కోటు తొడుక్కుని, పోయినవాడిలా నడిచి, పోయినవాడి గొంతుతో ఏడ్చేవాళ్ళను కసరాలి. ఆ పూట సహ్విరా ఏమన్నా ఎవరూ నొచ్చుకోకూడదు, నొచ్చుకుంటే వాళ్ళదే తప్పు. తండ్రి తరువాత ఇది అన్నదమ్ములకు రావాలి. వాళ్ళకు సిగ్గు. ముచనేటాకు సిగ్గు లేదు, పైగా విన్న గొంతునల్లా దించేసే గొంతు ఉంది.

గరికాయ్ రైల్వేలో సిగ్నల్ మనిషి. ఉద్యోగం అయిపోయింది. కొన్నాళ్ళకు రైళ్ళూ ఇంచుమించు అయిపోయాయి. అయినా ఆయన రోజూ సాయంత్రం గడ్డి మొలిచిన పట్టాల దాకా నడిచి, కాసేపు నిలబడి, ఇంటికొచ్చేవాడు. దీపాలంటే పిచ్చి. ఇంట్లో ప్రతి గదికీ ఒక్కో కంపెనీ బల్బు కొన్నాడు.

"వీటన్నిటినీ కలుపవే పిల్లా," అన్నాడు ఒకనాడు. "నేను వరండాలో నిలబడి 'లైన్ క్లియర్' అంటాను. ముందు వరండా వెలగాలి. తరువాత నడవ, ఆ తరువాత వంటిల్లు, ఆఖరికి పడకగది. నేను వస్తున్నకొద్దీ సిగ్నళ్ళు పడాలి."

"నువ్వేమన్నా మెయిలు బండివా బాబాయ్? దిగడానికి ప్లాట్‌ఫారం కూడా కట్టించమంటావా?"

"కట్టించు. నీకు టిక్కెట్టు కలెక్టరు ఉద్యోగం ఇస్తా."

ముచనేటా కట్టింది. దీపానికీ దీపానికీ మధ్య సమానంగా కొన్ని క్షణాల ఎడం పెట్టింది. మనవలు ఆడుకుంటున్నారని, పెట్టె ఆయన గొంతుకు తప్ప పలక్కుండా చేసింది. ఆ రోజు నుంచి గరికాయ్ పట్టాల దగ్గర్నుంచి రావడం, 'లైన్ క్లియర్' అనడం, దీపాలు వరసగా వెలగడం, వంటింట్లో భార్య సరుజాయి పోసి ఉంచిన గ్లాసెడు నీళ్ళు తాగి పడకగదికి వెళ్ళడం, అదే క్రమం.

వానాకాలం మొదట్లో గరికాయ్ పోయాడు.

శవపేటిక బయటికి తీసే ఉదయం ముసురు పట్టి ఇల్లంతా చీకటిగా ఉంది. ముచనేటా ఆయన రైల్వే కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని వరండాలోకి వచ్చింది. కాలు కొంచెం ఈడ్చింది. గొంతు సవరించుకుంది. "ఏవిటీ ఏడుపు? రైలు లేటయితే ఏడుస్తారుగానీ, టయానికి వెళ్ళిపోతే ఏడుస్తారా?" అంది గరికాయ్ గొంతుతో. ఏడుస్తున్నవాళ్ళు ముక్కులు చీదుకుంటూ నవ్వారు. సరుజాయి కూడా నవ్వింది. ఆ ఊపులో ముచనేటా చెయ్యెత్తి, "లైన్ క్లియర్!" అని అరిచింది.

వరండా దీపం వెలిగింది. తరువాత నడవ. తరువాత వంటిల్లు. ఆఖర్న పడకగది, శవం ఉన్న గది.

నవ్వు ఆగిపోయింది. మాట వినే పెట్టె తన గొంతును ఆయనదే అనుకుందని ముచనేటాకు తెలుసు. తెలిసినా సరే, ఆ కోటు ఆ క్షణంలో బరువెక్కినట్టయింది. "అయ్యో, అది మెషీను! నేను కట్టిందే! నా గొంతు విని మోసపోయింది," అని తన సొంత గొంతుతో చెప్పబోయింది. మొదటి రెండు మాటలు గరికాయ్ గొంతులోనే వచ్చాయి.

అందరికన్నా ముందు తేరుకున్నది గరికాయ్ అక్క మైదేయి. తమ్ముణ్ణి చిన్నప్పుడు వీపున కట్టుకు మోసిన మనిషి. ఇంటికి మేనత్త, ఆమె మాటకు ఎదురులేదు. "వచ్చాడు," అంది మెల్లగా. "వచ్చాడు సరే, మరి వెళ్తాడా?"

వెళ్ళలేదు. పూడ్చిపెట్టిన మర్నాటి నుంచి పొద్దు వాలగానే, ఎవరూ ఏమీ అనకుండానే, దీపాలు వరసగా వెలగడం మొదలైంది. వరండా, నడవ, వంటిల్లు, పడకగది. వీధిలో జనం ఆ వేళకు ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు.

మైదేయి అందరికీ కబురంపింది. "నా తమ్ముడు నెమ్మదిగా పైకి పోయిన పెద్దల్లో కలవాల్సినవాడు. ఎవరో పట్టి ఆపుతున్నారు. వాడి బట్టలు చుట్టాలకు పంచేనాడు సరుజాయి పుట్టింటివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలి. ఇంటికి తాళం పెడదాం. పట్టుకున్న చెయ్యి లేకపోతే తనే పోతాడు."

సరుజాయికి పుట్టింట్లో మిగిలింది ఎవరు? పలకరిస్తే పేరు గుర్తుకురాని మేనల్లుడొకడు. ఈ ఇంటి ఇటుకలు ఆమె తలమీద మోసినవి. ముచనేటాకు తిండి సయించలేదు. తను వేసిన వేషం, తను కట్టిన దీపాలు కలిసి ఒక ముసలి మనిషిని ఇల్లు వెళ్ళగొడుతున్నాయి. సంచీ భుజాన వేసుకుని సరుజాయి దగ్గరికి బయలుదేరింది.

"ఆయనే ఫోనులో ఎక్కడో టైము పెట్టి ఉంటాడు పిన్నీ," అంది. "అదొక్కటీ తీసేస్తే చాలు. ఫోనేదీ?"

"ట్రంకుపెట్టెలో. ఆయన బట్టల్తో పాటు. వదినగారి దగ్గరుంది."

పంపకం రోజు వచ్చేదాకా పోయినవాడి వస్తువు ముట్టకూడదు. చొక్కా అయినా, చేతికర్ర అయినా, ఫోనైనా. అందుకని ముచనేటా కష్టమైన దారే పట్టింది. మాట వినే పెట్టెను ఊడబీకి సంచీలో వేసుకుంది. ఒక్కో గదికీ వెళ్ళి, స్విచ్చు టకటకా వేస్తూ తీస్తూ, బల్బు కళ్ళు చికిలించినట్టు మూడుసార్లు మినుకుమనేదాకా ఆగింది. అలా మినుకుమంటే పాతవన్నీ మరిచిపోయినట్టే. ఏ యజమానీ లేదు, ఏ ఫోనూ లేదు, ఏ టైమూ లేదు. గోడమీది స్విచ్చు వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది, అంతే. మళ్ళీ సరుజాయి ఫోనుకు కలుపుతానంది. ఆమె వద్దంది.

పొద్దు వాలింది. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. దీపాలు వెలగలేదు. వీధిలో నడిచేవాళ్ళ మాటలు మళ్ళీ వినబడ్డాయి. ముచనేటా ఊపిరి పీల్చుకుని, "చూశావా, ఇక ఏ భయమూ లేదు," అంది.

సరుజాయి చీకట్లో గ్లాసును ఇటు జరిపి అటు జరిపింది. దాన్నిండా నీళ్ళున్నాయి.

"భయమని నేనెప్పుడన్నానే? అది వదినగారి మాట," అంది. "ఇవాళ రాలేదు."

ఆ గొంతులో ఏడుపు ఉంటే బాగుండేది, లేదు. ఇల్లు చేరేదాకా ముచనేటాకు ఆ గ్లాసు జరిపిన చప్పుడే వినిపించింది.

పంపకం రోజు వచ్చింది. సరుజాయి లేవగానే వంటింటి గట్టు మీద గ్లాసు నిండా నీళ్ళు పోసి ఉంచింది. మైదేయి పొద్దున్నే అందరినీ వాకిట్లోకి పంపి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి తన నడుముకు కట్టిన గుడ్డలో ముడివేసుకుంది. వాకిట్లో చాప పరిచి గరికాయ్ బట్టలు కుప్పపోశారు. మేనల్లుళ్ళు ఒక్కొక్కటీ తీసి పంచారు. పంచినదాని మీదల్లా ముచనేటా విసురు పడుతూనే ఉంది. "ఆ పంట్లాం జాగ్రత్తరా, దాని వెనక భాగం రైల్వేవాళ్ళది, ముందు భాగమే మనది!" జనం నవ్వారు. ఫోను ఒక మేనల్లుడికి వచ్చింది. వాడు నొక్కిచూశాడు. చార్జింగు లేక నల్లగా ఉండిపోయింది.

పని ముగిసేసరికి పొద్దు వాలుతోంది. మైదేయి లేచి నిలబడింది. సరుజాయి మూట చాప పక్కనే ఉంది. బయట బండి ఆగి ఉంది.

ముచనేటా రైల్వే కోటు అందుకుని తొడుక్కుంది. ఇంకొకరికి పంచకుండా దాన్ని ఆమెకోసమే ఆపారు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి మేనత్త ముందు నిలబడింది.

"మైదేయీ," అంది గరికాయ్ గొంతుతో. "నన్ను వీపున మోశావు, దణ్ణం. నా పెళ్ళాన్ని బయటికి మొయ్యమని ఎవరన్నారు? పగలంతా తిరిగి ఇంటికొస్తే నాకు నీళ్ళెవరిస్తారు? నువ్విస్తావా? నీ చేతి నీళ్ళు తాగే కదా మీ ఆయన అంత తొందరగా పోయాడు!"

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మైదేయి నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆచారం అది. కానీ ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని ముందుకు వంగింది.

"నువ్వు ఆటకత్తెవి, తల్లీ. నీ నోట నా తమ్ముడి గొంతుంది, తమ్ముడు ఉన్నాడో లేదో నాకెలా తెలుస్తుంది? ఆ రోజు అన్న మాట ఇప్పుడు అను. ఇంటికి తాళం పెట్టి ఉంది, లోపల పురుగు కూడా లేదు. దీపాలు వెలిగితే ఇది వాడి మాటే, సరుజాయి ఇక్కడే ఉంటుంది. వెలక్కపోతే ఆ మూట బండెక్కుతుంది."

ముచనేటా ఆ దీపాలన్నీ తన చేత్తోనే విప్పేసింది. పెట్టె తన సంచీలో, వైరు చుట్టి, అక్కడే పక్కన ఉంది. ఆ ఇంట్లో వినే చెవి లేదు. మంచి చేద్దామని పోయి తనే సరుజాయికి దారి మూసేసింది. అననంటే ఓడినట్టే, అని చూస్తే ఇంకా గట్టిగా ఓడినట్టు. ఏం చెయ్యాలో తోచక సరుజాయి వైపు చూసింది. సరుజాయి, అన్నం వడ్డించమన్నంత మామూలుగా, తల ఊపింది.

ముచనేటా ఇంటివైపు తిరిగి, చెయ్యెత్తి, "లైన్ క్లియర్," అంది. గట్టిగా అరవలేదు. అరిచే ధైర్యం లేకపోయింది.

ఏమీ కాలేదు. ఎక్కడో కుక్క మొరిగింది. మైదేయి నిట్టూర్చి, మూట వైపు చెయ్యి చూపించబోయింది.

వరండా దీపం వెలిగింది.

ఎవరూ కదల్లేదు. నడవ కిటికీ పచ్చబడింది. తరువాత వంటిల్లు. అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది. దీపానికీ దీపానికీ మధ్య సమానమైన ఎడం పెట్టింది ముచనేటానే. వంటింట్లో ఆగమని ఎప్పుడూ చెప్పలేదు. ఒక మనిషి గ్లాసెడు నీళ్ళు నింపాదిగా తాగి, గ్లాసు కింద పెట్టేంత సేపు గడిచాక, పడకగది కిటికీ వెలిగింది.

ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టిన సంబరపు కేకలతో వాకిలి మారుమోగింది. మైదేయి మోకాళ్ళ మీద కూలబడి, అరచేతులు దొప్పలా చేసి, పోయిన పెద్దలకు మొక్కినట్టు మెల్లగా చప్పట్లు కొట్టింది. నడుము గుడ్డ ముడి విప్పి, తాళంచెవి రెండు చేతులతో సరుజాయికి అందించింది. "లోపలికి వెళ్ళమ్మా. ఎదురుచూస్తున్నాడు," అంది. ఆమె బుగ్గలు తడిగా ఉన్నాయి.

సరుజాయి మూట అక్కడే వదిలి నడిచింది. తలుపు తెరిచింది. ముచనేటా ఉండబట్టలేక వెనకాలే గుమ్మం దాకా పరుగెత్తింది. ఆ స్విచ్చులు చూడాలి, కిటికీ తెరిచి ఉందేమో చూడాలి, ఏదో ఒకటి చూడకపోతే ఈ జన్మకు నిద్ర పట్టదు.

సరుజాయి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వుండవే," అంది. "పొద్దుటి నుంచీ నువ్వే కదా మాట్లాడించావు. అలిసిపోయి ఉంటాడు. పడుకోనివ్వు."

ఆమె భుజం మీదుగా ముచనేటాకు వంటిల్లు కనబడింది. గట్టు మీద గ్లాసు ఉంది. అది ఖాళీగా ఉంది. సరుజాయి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉండగా, లోపల పడకగదిలో దీపం ఆరింది.