మూగబోయిన నా నోటిని కంటి వార్డులో తెరిచిన దేవుడు

సహోదరులారా, అమ్మలారా, నా గొంతు ఆ చివరి చాపదాకా మైకు లేకుండానే వినబడుతోందని నాకు తెలుసు, నవ్వండి ఫరవాలేదు, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా కేకేసిన గొంతు ఇది! కానీ ఈ గొంతు ఏడాదికి పైగా పలకలేదని మీలో చాలామందికి తెలియదు, ఆ చీకటి రోజుల సంగతి చెప్పి దేవుణ్ణి మహిమపరచాలనే లేచి నిలబడ్డాను.

మాది కళింగపట్నం వైపు సముద్రపు ఒడ్డు. మా ఆయన వేటకు పోయేవాడు, నేను చేపలు అమ్ముకొచ్చేదాన్ని. ఉక్కు ఫ్యాక్టరీ కోసం గొడవలై రైళ్ళు ఆగిపోయాయని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో, ఇంకా పాలు మానని మా బాబుకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, పొద్దున పట్టుకుంటే పొద్దుగూకకుండానే నా ఒళ్ళోనే కన్నుమూశాడు. మా పేటంతా ఏడ్చారు, నాకు మాత్రం ఏడుపు రాలేదు. మర్నాడు మా అత్త ఇంత గంజి తాగమని పిలిస్తే బదులు చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. అయ్యో, ఏడ్చే దుఃఖం వేరు సహోదరులారా, ఏడవలేని దుఃఖం వేరు!

గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టించారు. వాళ్ళను తప్పుపట్టను, నా మీది ప్రేమకొద్దీ చేశారు. వచ్చినవాళ్ళంతా నాకేదో చెవుడు వచ్చినట్టు చెవి దగ్గర నోరు పెట్టి, "ఒసే నూకాలూ, మాటాడవేటే!" అని అరిచేవారు. చివరికి మా ఆయన నన్ను బండెక్కించి ఆమదాలవలస అవతలున్న మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరుగారు గొంతు చూసి, గొంతులో జబ్బేమీ లేదు, దుఃఖం గడ్డకట్టింది, కొన్నాళ్ళు ఇక్కడ నలుగురిలో ఉండనివ్వండి అన్నారు.

అక్కడ రాహేలమ్మగారని పెద్ద నర్సమ్మ ఉండేవారు. నన్ను ఊరికే కూర్చోనివ్వక ఆయా పనిలో పెట్టారు. నా నోట మాట రాదని తెలిసీ ఆవిడ నాతో మామూలుగా మాట్లాడేవారు, బదులు కోసం తొందరపెట్టేవారు కాదు. రోగిని ఒకే పక్క పడుకోబెడితే వీపు పుండు పడుతుంది, తిప్పుతూ ఉండాలి అనేవారు. ఒళ్ళు తుడిచే నీళ్ళు ముందు నీ చేతిమీద పోసుకుని చూడు అనేవారు. దుప్పటి ఒక్కసారిగా లాగకు, మంచాన పడ్డా ఎవరి మానం వాళ్ళకుంటుంది అనేవారు. అన్నిటికంటే ముఖ్యంగా, చెయ్యబోయే పని రోగికి చెప్పకుండా వాళ్ళ ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు, ప్రభువంతటివాడే గుడ్డివాణ్ణి "నీకేం కావాలి" అని అడిగిన తర్వాతే బాగుచేశాడు అని చెప్పేవారు. పొద్దున్నే నా తలమీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డకు మాట నువ్వే ఇవ్వు, ఇచ్చేదాకా మాకు ఓపిక ఇవ్వు" అని ప్రార్థించేవారు.

నన్ను కంటి వార్డులో వేసినప్పుడు చాలా భయపడ్డాను. శుక్లాలు తీసినవాళ్ళకు రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి వెల్లకిలా పడుకోబెడతారు, తల ఎత్తితే కుట్లు తెగి ఆ కన్ను ఇక దక్కదు. చూపులేనివాళ్ళకు మాటే చూపు, ఆ మాట నా దగ్గర లేదే! రాహేలమ్మగారు ఆలోచించి, ముట్టుకునే ముందు మంచం ఇనప కమ్మీ మీద మెల్లగా తట్టమన్నారు, నూకాలమ్మ వచ్చిందని తెలుస్తుందని రోగులందరికీ చెప్పారు. అలాగే నెట్టుకొచ్చాను, కానీ లోపల మాత్రం, "ప్రభువా, నోరు లేనిదాని మొర నీకు ఇనబడతాదా?" అని అడుగుతూనే ఉండేదాన్ని.

అప్పుడు చీపురుపల్లి వైపు రైతుల ఇంటినుంచి సూరమ్మగారని పెద్దావిడ వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలిన కంటికే ఆపరేషను. మధ్యాహ్నం చుట్టాలొచ్చే వేళ ఆవిణ్ణి చూడ్డానికి వాళ్ళ బావగారు, అంటే పెనిమిటి అన్నగారు, వచ్చి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. మన ఇళ్ళలో మర్యాద మీకు తెలుసుగా, కాపురానికొచ్చిన నాటినుంచి ఆ దగ్గు వినగానే లేచి, ముసుగు లాక్కుని పక్కకు నిలబడ్డ మనిషి ఆవిడ! కట్టు సంగతి, కుట్ల సంగతి అన్నీ మరిచిపోయి, ఒక చేత్తో కొంగు వెతుక్కుంటూ, రెండో మోచెయ్యి మంచానికి ఆనించి లేవబోయింది. ఇసక సంచి జారి కింద పడింది.

రాహేలమ్మగారు పక్క వార్డులో ఉన్నారు. నేను పరుగున వెళ్ళి కమ్మీ మీద తట్టాను. నేను లేవదీయడానికే వచ్చాననుకుని ఆవిడ నాకు చెయ్యి అందించింది! ఆ చెయ్యి పట్టుకుంటే లేస్తుంది, వదిలేసినా లేస్తుంది, చెప్పకుండా తల పట్టుకుంటే ఉలిక్కిపడుతుంది, దేవా ఏం చెయ్యను అని నా ప్రాణమంతా ఒక్క కేకై, "లెగకమ్మా! తల ఎత్తకు, నానున్నాను!" అని అరిచాను!

ఆ అరుపు ఎవరిదో ముందు నాకే తెలియలేదు సహోదరులారా! వార్డంతా అదిరిపోయింది, గుమ్మంలో పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశారు. సూరమ్మగారు ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. "అమ్మా, నీ తల పట్టుకుంతన్నాను, మెల్లగా దించుతాను" అని చెబుతూనే పడుకోబెట్టాను. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "తొంగో అమ్మా, నాకేటి మర్యాద, నీ కన్ను బాగుంటే సాలు" అన్నారు. నా మాట విని పరిగెత్తుకొచ్చిన రాహేలమ్మగారు నన్ను కౌగిలించుకుని "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అన్నారు.

అయినా కన్ను దక్కిందో లేదో తెలియదు. కట్టు విప్పే రోజుదాకా వార్డులో అందరం ప్రార్థనలోనే ఉన్నాం. డాక్టరుగారు కట్టు విప్పి వేళ్ళు చూపిస్తే సూరమ్మగారు సరిగ్గా చెప్పింది! దేవునికి స్తోత్రం, చూపు వచ్చింది! అప్పుడావిడ, "నా మీద కేకలేసిన గుంట ఏదీ?" అని నన్ను దగ్గరకు పిలిపించుకుని, మొహం మొహం ఆనించి చూసి, "పిల్లలున్నారేటమ్మా?" అని అడిగింది.

ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. "ఒక గుంటడమ్మా. పైడిరాజు. ఎల్లిపోనాడు" అన్నాను. వాడి పేరు నోటితో పలకడం వాడు పోయాక అదే మొదటిసారి. గుండెలో ఏదో తెగి భోరుమని ఏడుపొచ్చింది. సూరమ్మగారు నా తల తన ఒళ్ళో పెట్టుకుని, "డాక్టరుబాబు నన్ను ఏడవొద్దన్నాడు తల్లీ, నా వంతు కూడా నువ్వే ఏడు" అంది. ఆ ఒళ్ళో నా బిడ్డ కోసం తనివితీరా ఏడ్చాను.

నా బిడ్డను తిరిగి ఇమ్మని దేవుణ్ణి అడిగాను, ఇవ్వలేదు, అది దాచను. కానీ వాడి కోసం ఏడవడానికి కన్నీళ్ళిచ్చాడు, వాడి పేరు చెప్పుకోవడానికి నోరిచ్చాడు, దేవునికే మహిమ! మీలో ఎవరికైనా చెప్పుకోలేని బాధ ఉంటే, ఆరాధన అయ్యాక వచ్చి నా చాపమీద కూర్చోండి. మాట రాకపోతే రాకపోనీ, మీ బదులు నేను ప్రార్థన చేస్తాను.