కోసి చూసిన హ్యాండిల్

మొన్న సిరిసిల్లలో ఒకతను వాడి అమ్మకానికి పెట్టిన రేసు సైకిలు కార్బన్ హ్యాండిల్‌ను రూపాయి బిళ్ళతో కొట్టి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే పలుకు, లోపల పగులుంటే వచ్చే బొంగురు ఎక్కడా లేదు. వెడల్పు నా భుజాలకు సరిపోయింది. కింది వంపు పట్టుకుంటే బ్రేకులకు వేళ్ళు అందాయి. అయినా ఒక ప్రశ్న మిగిలింది. అది నాకు నేర్పింది సుజాత మేడం.

కోరుట్లలో మా బడికి ఆటల టీచరు ఆవిడ. ఒకప్పుడు రేసు సైకిలు తొక్కిన మనిషి. వాళ్ళ నాన్న కొడిమ్యాల దగ్గర కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. అందుకేనేమో, ఏ సంగతి ఎత్తినా ఆవిడ మాట చివరికి తాటిచెట్టు ఎక్కేది. మొదటి కార్బన్ హ్యాండిల్ కొనేటప్పుడు, ఫొటోలో ఎవరో ఛాంపియన్ వాడిన ఇరుకుదే కావాలని పట్టుబట్టాను. ఆవిడ టేపు తీసి నా భుజాల మధ్య కొలిచింది.

"చెట్టెక్కేటప్పుడు నడుముకు ఏసుకునే మోకు ఉంటది సూడు, మా బాపుది మా కాక సుత ఏసుకోడు. ఎవ్వరిది వాళ్ళకే. ఆయన హ్యాండిల్ నీకెందుకు?" అంది.

అలా నా కొలతకు ఎంచిన హ్యాండిల్‌తో వేములవాడ రోడ్డు మీద రోజూ తొక్కేదాన్ని. రాష్ట్ర పోటీలు దగ్గర పడ్డాక, కథలాపూర్ దాటి, రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్న గింజల్లో చక్రం జారి పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది కానీ హ్యాండిల్ మీద గీత కూడా లేదు. మేడం తిప్పి తిప్పి చూసింది, కొట్టి విన్నది, చివరికి విప్పేసి బరువైన పాత అల్యూమినియంది బిగించమంది. నాకు ఏడుపొచ్చింది.

"పగుల్లేదు గద మేడం."

"కనవడ్తలేదు బిడ్డా. లేదని నేనంటలేను. ఇనుము వంగి చెప్తది, గిది చెప్పకుంట ఇరుగుతది."

ఆ తర్వాత ఇనుము కోసే బ్లేడు తెచ్చింది. "అనుమానం అచ్చిన మోకును మా బాపు పారెయ్యడు, ముక్కలు కోస్తడు. పారేస్తె ఇంకొకడు ఏసుకొని ఎక్కుతడు" అంటూ కోసింది. ఇద్దరం తలలు ఆనించి ముక్కల్లోకి తొంగి చూశాం. ఒక్క పగులైనా కనబడాలని ఎంత కోరుకున్నానో. పొరలన్నీ కుదురుగా ఉన్నాయి.

"మంచిగనే ఉండె గదా" అన్నాను.

"ఉండె. కోసినంకనే తెలిసింది" అంది, ఇంకా ఆసక్తిగా లోపలికి చూస్తూనే.

ఆ పోటీలో పతకం వెంట్రుకవాసిలో తప్పింది. చాలా కాలం ఆవిడ మీద అలిగాను. హ్యాండిల్ కోసిన రోజు ఆవిడ ముఖంలో కాస్తయినా పశ్చాత్తాపం ఎందుకు లేదో అర్థం కావడానికి నాకు ఏళ్ళు పట్టింది.

సిరిసిల్ల అతణ్ణి అడిగాను. "తమ్మీ, ఇది ఎప్పుడన్న పడ్డదా?"

"ఒక్కసారే అక్కా. ఏం కాలే."

బేరమాడకుండా డబ్బులిచ్చి, ఇంట్లో ఇనుము కోసే బ్లేడు ఉందా అని అడిగాను.