పూజకు పెట్టిన జాకీలు

మా సేఠ్ మాట వస్తే నాకు మొదట కళ్ళ ముందు కదిలేవి రెండు పసుపు రంగు జాకీలు. ఆయన ఆఫీసు గదిలో, దేవుడి పటాల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా కూర్చోబెట్టి ఉండేవి. పొద్దున్నే వాటికి అగరుబత్తి వెలిగించేవాడు, ఆ వెంటనే బయటికొచ్చి మమ్మల్ని తిట్టేవాడు. రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేసేవాడు.

భిలాయిలో ఉతై రోడ్డు మీద ఉంటుంది మా యార్డు. ఫ్యాక్టరీలకీ కొత్త కాలనీలకీ భూమిలో కరెంటు కేబుల్ వేయడం మా పని. కేబుల్ పెద్ద చెక్క డ్రమ్ముకి చుట్టి వస్తుంది. నిలబెడితే అది మనిషంత ఎత్తు, బరువు రెండు మూడు టన్నులు. దాన్లోంచి కేబుల్ లాగాలంటే ముందు డ్రమ్మును నేల మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేపాలి. మధ్య రంధ్రంలోంచి ఇనప ఇరుసు దూర్చి, ఇరుసు రెండు కొసల కిందా చెరో జాకీ పెట్టి లేపితే, కుట్టుమిషను మీద దారపుకండె తిరిగినట్టు డ్రమ్ము తిరుగుతుంది. కందకం పొడుగునా జనం నిలబడి కేబుల్ లాగుతారు, ఒకడు డ్రమ్ము దగ్గరుండి దాన్ని అదుపు చేస్తాడు. ఇంతకు మించి ఇందులో శాస్త్రం లేదు. మా సేఠ్‌కి ఇది తెలియదని నేను అనను. తెలిసే అలా ఉండేవాడు, అదే నాకు మంట.

నేను ఆయన దగ్గర సూపర్‌వైజర్ని. అంటే, ఇతరులు చేసే పని దగ్గర ఎండలో నిలబడి, సాయంత్రం కాగితాల మీద సంతకం పెట్టేవాణ్ణి. మా నాన్న ఇక్కడి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ప్లాంటువాళ్ళ సెక్టార్ క్వార్టర్లో పుట్టి పెరిగిన నాకు కూడా ప్లాంటు ఉద్యోగం దానంతటదే వచ్చి ఒళ్ళో పడుతుందని ఇంటిల్లిపాదీ నమ్మాం. పడలేదు. డిప్లొమా పట్టుకుని ఈ సేఠ్ గుమ్మం ఎక్కాను.

డ్రమ్ము దగ్గర నిలబడే మనిషి మా బావ, అంటే మా అక్క మొగుడు. పెళ్ళయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. సేఠ్ దగ్గర పనిలో పెట్టించింది నేనే. హిందీ ఇప్పటికీ ఆయన నోట్లో సరిగా తిరగదు గానీ, డ్రమ్ము ఎటు ఒరుగుతోందో చప్పుడు విని చెప్పగలడు.

మాకు పనికి ఇచ్చినవి పాత మర జాకీలు. వాటిలో ఒకదానికి మర అరిగిపోయి, బరువు పడగానే దిగిపోయేది. అందుకని ఇరుసుకి ఒకవైపు మంచి జాకీ పెట్టి, రెండోవైపు రైలుపట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగలు పేర్చేవాళ్ళం. ఎనిమిది మంది గునపాలతో ఎత్తి పట్టుకుంటే, ఒకడు వంగి దుంగ దూర్చాలి. ఆ దూర్చేవాడు ఎప్పుడూ మా బావే. ఆ చోట ఇంకొకణ్ణి నిలబడనిచ్చేవాడు కాదు.

ఇలా ఉండగా పెద్ద ఫ్యాక్టరీలు కొత్త షరతు పెట్టాయి. డ్రమ్ము ఎత్తడానికి హైడ్రాలిక్ జాకీలు ఉన్నవాళ్ళకే పని ఇస్తామన్నాయి. సేఠ్ ఏడుస్తూ ఒక జత కొన్నాడు. పక్కనున్న హ్యాండిల్ పట్టుకుని పంపు కొడితే చాలు, లోపలి నూనె ఒత్తిడికి ఎంత డ్రమ్మయినా మెల్లిగా లేస్తుంది. అవి దిగిన రోజు మావాళ్ళంతా పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినట్టు చుట్టూ మూగారు.

"హాథ్ మత్ లగానా! రంగ్ ఉఖడ్ జాయేగా," అని అరిచాడు సేఠ్. చెయ్యి పెడితే రంగు ఊడిపోతుందట.

ఆ రంగు మీద ఆయనకంత ప్రేమ ఎందుకో తర్వాత తెలిసింది. పని మొదలయ్యే రోజు జాకీలు బండెక్కి మాతోపాటు సైటుకి వచ్చేవి. ఫ్యాక్టరీ గేటు దగ్గర సేఫ్టీవాళ్ళు వాటిని చూసి, కాగితంలో టిక్కు పెట్టి, ఫొటో తీసుకునేవారు. గంట తిరక్కుండా అవి అదే బండిలో వెనక్కి పోయేవి. మేం దుంగలు పేర్చుకునేవాళ్ళం. క్లాసులో హాజరు వేయించుకుని సినిమాకి చెక్కేసే కుర్రాళ్ళతో చదువుకున్నాను గానీ, ఆ విద్య జాకీలకి నేర్పిన మహానుభావుణ్ణి అక్కడే చూశాను. రంగు పోతే వచ్చే టెండరులో ఫొటో బాగా పడదు. అదీ ఆయన భయం.

భిలాయిలో విశ్వకర్మ పూజ ఎలా జరుగుతుందో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. చిన్న వెల్డింగు షాపు దగ్గర్నుంచి అందరూ పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి, ఆ ఒక్కరోజూ వాటికి సెలవిస్తారు. మర్నాడు మళ్ళీ పనిలోకి దింపుతారు. మా సేఠ్ ఆ రెండో భాగం ఎత్తేశాడు. కవరు అంచు ఎత్తి జాకీల మీద సిందూరంతో స్వస్తికం వేసి, మళ్ళీ కప్పి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, కళ్ళు మూసుకుని హారతి ఇచ్చేవాడు. ఆ కళ్ళు మూసుకునే తీరు నేను చూడలేకపోయేవాణ్ణి. ప్రసాదం బూందీ మాత్రం రెండుసార్లు పెట్టించుకునేవాణ్ణి.

ఆ ఏడాది పూజలో బావ నా పక్కన నిలబడ్డాడు. చూపంతా జాకీల మీదే.

"ఏటి బావా, ఎన్ని పంపులకి లేస్తాదంటావు మన డ్రమ్ము?" అని గుసగుసగా అడిగాడు. ఆయన కూడా నన్ను బావా అనే పిలుస్తాడు.

"పది," అన్నాను నోటికొచ్చినట్టు.

"పదేటి! మూడు టన్నులు. ఇరవై కొట్టాల."

"పందెమా?"

"పందెమే. ఓడినోడు చాయ్ తాగించాల."

సేఠ్ పంతులుతో మాట్లాడుతున్న సందు చూసి, బావ ముందుకి వంగి కవరు మీంచే హ్యాండిల్ పట్టుకున్నాడు. ఒక్కసారి నొక్కి చూద్దామని. సేఠ్ అక్కణ్ణుంచే "ఏయ్!" అని గదమాయించాడు. నలభై దాటిన మనిషి, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను సేఠ్‌ని మనసులో బండబూతులు తిట్టాను. మనసులో తిట్టడంలో నన్ను మించినవాడు దుర్గ్ జిల్లాలో ఉండడు.

పూజ అయిన కొన్నాళ్ళకి ఒక ఫ్యాక్టరీలో పని పడింది. సాయంత్రం లోపు పాత కేబుల్ స్థానంలో కొత్తది వేసెయ్యాలి. ముందురోజంతా వాన. నల్లరేగడి నేల, అడుగు వేస్తే చెప్పు ఊడొచ్చేలా ఉంది. జాకీలు పొద్దున్నే వచ్చి హాజరు వేయించుకుని వెళ్ళిపోయాయి. బావ కాలితో నేల నొక్కి చూసి నా దగ్గరికి వచ్చాడు.

"మెత్తగుంది బావా. దుంగలు కూరుకుపోతాయి. ఈ ఒక్క రోజుకీ ఆ మిషనుంచమని సెప్పరాదేటి?"

సేఠ్‌కి ఫోన్ చేశాను. "కీచడ్ మే? పాగల్ హో క్యా?" అన్నాడు. బురదలోనా, పిచ్చా అని. నేను "జీ" అని పెట్టేశాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. బావ నా ముఖం చూసి, పలకలు తెచ్చి దుంగల కింద పరిచాడు.

"జోర్ లగాకే... హైస్సా" అంటూ లాగడం మొదలైంది. సగం కేబుల్ దిగేసరికి దుంగలున్న వైపు కుంగడం మొదలుపెట్టింది. నాకు తెలియలేదు, బావకి చప్పుడు తెలిసింది. ఆపమని కేకేశాడు. లాగేవాళ్ళు ఆపారు గానీ డ్రమ్ము ఆ ఊపుకి ఇంకో చుట్టు తిరిగింది. దుంగ ఒరగకుండా చెక్కముక్క దూర్చడానికి ఆయన వంగాడు. ఇరుసు జారింది. డ్రమ్ము ఆయన కుడిచేతి మీదకి దిగింది.

"ఓలమ్మా" అన్న ఒక్క మాటే వినిపించింది. ఎనిమిది మందీ గునపాలతో ఎత్తి చెయ్యి బయటికి తీసేసరికి మూడు వేళ్ళు వేళ్ళలా లేవు. ఫ్యాక్టరీ అంబులెన్సులో ఎక్కించాం. సూపర్‌వైజరు సైటు వదలకూడదు కాబట్టి నేను ఆగిపోయాను. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

సేఠ్ ఫోన్ చేసి దెబ్బ ఎంత అని అడిగాడు. చెప్పాను. "తీన్ బజే సేఫ్టీ వాలే ఆయేంగే. మషీన్ భేజ్ రహా హూఁ. డ్రమ్ ఉస్‌పే చఢా దో," అన్నాడు. మూడింటికి సేఫ్టీవాళ్ళు వస్తారు, మిషను పంపిస్తున్నాను, ఈలోగా డ్రమ్ము దాని మీదకి ఎక్కించమని.

పొద్దున్న బురదకి జడిసిన జాకీలు అరగంటలో దిగాయి. సేఠ్ కూడా వచ్చాడు, బండిలో దారంతా వాటి మీద చెయ్యి వేసుకుని. దుంగలు తీయించి అవతల పారేయించాడు. కవరు ఆయనే స్వయంగా విప్పాడు. వాటితోపాటు వచ్చిన పుస్తకం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పంపు కొట్టే పని నాకే వచ్చింది. కుర్రాళ్ళు ఇరుసు సర్ది పెట్టారు. నేను హ్యాండిల్ పట్టుకుని కొట్టాను, ఎందుకో తెలియదు, లోలోపల లెక్కపెట్టుకుంటూ. పదకొండోదానికి డ్రమ్ము నేల వదిలింది. కేక లేదు, గునపం లేదు, ఒరగడం లేదు. అంత తేలిగ్గా లేచినందుకు నాకు ఏడుపొచ్చింది. సేఠ్ మాత్రం జాకీ అంచున రంగు గీసుకుపోయిందేమోనని వంగి చూస్తున్నాడు.

సేఫ్టీ ఆఫీసరు మూడింటికి తెల్లటి బూట్లతో వచ్చాడు. జాకీ మీద సిందూరం స్వస్తికం చెక్కుచెదరకుండా ఉంది. పది అడుగుల దూరంలో బురద పట్టిన దుంగలు పడి ఉన్నాయి, ఒకదాని మీద రక్తం ఉంది. అన్నీ చూశాడు. చూసిన మనిషి చూపు తిప్పుకునే పద్ధతి నాకు బాగా తెలుసు, మా ఇంట్లో అద్దం ఉంది.

ప్రమాదం జరిగినప్పుడు ఈ మిషనే ఉందా అని హిందీలో నన్ను అడిగాడు. ఉందంటే తప్పు మనిషిదని రాస్తారు, అలా రాస్తే ఆ మనిషిని ఇక ఏ ఫ్యాక్టరీ గేటూ లోపలికి రానివ్వదు. బావ డ్రమ్ము ముట్టుకునే రోజులు అంతటితో సరి. అది నాకు పూర్తిగా తెలుసు. "జీ," అన్నాను.

మిషను ఉండగా కార్మికుడు అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడని రాసుకుని, కాగితం నా ముందుకి జరిపాడు. సంతకం పెట్టాను. సేఠ్ నన్ను బెదిరించాడని చెప్పుకోగలిగితే నాకు ఎంతో బాగుండేది. బెదిరించలేదు. ఆయన అప్పుడు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, నా వైపు కూడా చూడలేదు. "హ్యాండిల్ ఇంకోసారి పట్టుకోండి" అని ఆఫీసరు అంటే పట్టుకున్నాను. ఫొటోకి కాస్త నిటారుగా కూడా నిలబడ్డాననుకుంటాను.

బావని పనిలోంచి తీసేశారు. "హమ్ క్యా కరేఁ, కాగజ్ మే లిఖా హై," అన్నాడు సేఠ్ నాతోనే, కాగితంలో అలా ఉంటే మేమేం చేస్తామని. జాకీలు కడిగించుకుని మళ్ళీ దేవుడి పటాల కిందకి వెళ్ళాయి, ఈసారి కొత్త కవరుతో. నేను ఇంకా అక్కడే పని చేస్తున్నాను. పొద్దున్నే ఆ అగరుబత్తి వాసన తగిలితే ఆయన్ని మనసులో తిడతాను.

రెండు వారాలు అక్క ఇంటి వైపు వెళ్ళలేదు. నెహ్రూ నగర్ వెనక రెండు గదుల ఇల్లు వాళ్ళది. ఒక ఆదివారం పొద్దున్న ఆపిల్ పళ్ళు కొనుక్కుని వెళ్ళాను. ఆటోలో కూర్చుని చెప్పాల్సిన మాటలన్నీ వరసగా తయారు చేసుకున్నాను. సేఠ్ ఒత్తిడి, కంపెనీ పరువు, మిగతావాళ్ళ పని. ఒక్కటీ నిజం కాదు.

అక్క తలుపు తీసి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి కట్టుతో ఒళ్ళో ఉంది. ఎడమచేతిలో ఫోను. కంపెనీ వాట్సాప్ గ్రూపులోంచి ఆయన్ని ఇంకా ఎవరూ తీసెయ్యలేదు. సేఠ్ గొప్పగా పెట్టుకున్న ఫొటో అందులో ఉంది. పసుపు జాకీలు, నేల వదిలిన డ్రమ్ము, హ్యాండిల్ పట్టుకుని నేను. దాన్ని పెద్దది చేసి చూస్తున్నాడు.

"నువ్వే కొట్టినావేటి?" అన్నాడు.

"ఔను బావా."

నేను తయారు చేసుకున్న మాటలు మొదలుపెట్టబోయాను. ఆయన వినిపించుకోలేదు.

"ఎన్నింటికి లేచింది?"

"పదకొండు."

ఫోను పక్కన పెట్టాడు. ఎడమచెయ్యి గాల్లో కిందకీ పైకీ ఆడిస్తూ, పెదాలతో లెక్కపెట్టుకున్నాడు. పదకొండు దగ్గర ఆగి, చెయ్యి అలాగే ఉంచి కాసేపు చూశాడు.

"పదకొండేనా! నాను ఇరవై అనుకున్నాను. సూసినావా, ఎంత మంచి మిషనో." ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. "అయితే నువ్వే నెగ్గినావు బావా," అని, లోపలికి తిరిగి కేకేశాడు. "ఒలే, మీ తమ్ముడికి చాయ్ ఎట్టు. నాను పందెం ఓడిపోనాను."

అక్క గ్లాసు తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. పందెం ఓడినవాడే ఇవ్వాలని, బావ దాన్ని ఎడమచేత్తో తీసి, తొణకకుండా జాగ్రత్తగా నా ముందుకి చాపాడు. నేను కుడిచేత్తో అందుకున్నాను. అల్లం వేసి పెట్టింది అక్క. మొత్తం తాగాను.