మాటల్లేని రోబో కోసం చికాగో దాకా

మిషిగన్‌లో మేముండే నోవై నుంచి నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసి చికాగో వెళ్లేవాళ్లు సరస్సో, ఎత్తైన బిల్డింగులో చూసొస్తారు. మేం వెళ్లింది పాత జపాన్ బొమ్మల సినిమాకి. రోబోల మీద ఏడెనిమిది చిన్న కథలు కలిపి తీసిన సినిమా అది. ఓ పాత థియేటర్‌లో అసలు ఫిల్మ్ రీల్ మీదే వేస్తున్నారని మా అమ్మాయి నీల కనిపెట్టింది. దానికి పదమూడేళ్లు, రోబోలంటే ప్రాణం. గురువారం మా అమ్మ విజయవాడ వెళ్లిపోతోంది. అమ్మకి ఇంగ్లీష్ రాదు, నీలకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. వచ్చి ఐదు నెలలైనా అమ్మమ్మా మనవరాలూ నా నోటితోనే మాట్లాడుకుంటున్నారు. వెళ్లేలోపు ఒక్కసారైనా నేను మధ్యలో లేకుండా నాలుగు మాటలు చెప్పుకుంటే చాలనిపించి, ఇద్దర్నీ కార్ ఎక్కించాను.

ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరి ఐ-94 హైవే పట్టుకున్నాం. కలమజూ దగ్గర ఆగి పులిహోర తిన్నాం. "దాన్ని స్వెట్టర్ వేసుకోమనవే" అంటుంది అమ్మ. "టెల్ హర్ ఐయామ్ నాట్ కోల్డ్" అంటుంది ఇది. పక్కపక్కనే కూర్చుని ఇదీ వరస. నాకు ఒళ్లు మండిపోయింది. చికాగో టైమ్ మాకంటే గంట వెనక కాబట్టి, దారిలో ఆగినా పదకొండుకల్లా చేరి తాపీగా పార్కింగ్ వెతుక్కున్నాం.

టికెట్ పద్నాలుగు డాలర్లు, అమ్మలాంటి వయసు మళ్లినవాళ్లకి పది. సబ్‌టైటిల్స్ చదివి అమ్మ చెవిలో తెలుగులో చెప్పాలని నేనే మధ్యలో కూర్చున్నాను. మొదటి కథ అయిపోయి తెర నల్లబడగానే అమ్మ కాళ్లు చాపుకుని, "ఇంటర్వెల్. వెళ్లి టీ పట్రా" అంది.

"ఇక్కడ ఇంటర్వెల్ ఉండదమ్మా. ఇందాకటిది ఒక కథ, అయిపోయింది."

"హీరో పోయాక ఇంటర్వెల్ కాకపోతే ఇంకేంటి?"

వెనకాయన గట్టిగా దగ్గాడు. ఎందుకొచ్చిన గొడవని లేచాను. కౌంటర్‌లో అబ్బాయి "వేడి టీనా?" అని రెండుసార్లు అడిగి, నీళ్లు కాచి, టీ బ్యాగ్ వెతికి ఇచ్చేసరికి లోపల రెండో కథ మొదలైపోయింది.

వచ్చి చూస్తే అమ్మ నా సీట్లోకి జరిగింది. తెర మీద ఒక రేకు రోబో, ఖాళీ ఇంటి ముందు మంచు ఊడుస్తోంది. ఆ కథలో ఒక్క మాట లేదు, సబ్‌టైటిల్స్ అసలే లేవు. అమ్మే నీలకి కథ చెబుతోంది.

"ఇంటివాళ్లు ఊరెళ్లిపోయారు. వీడికి చెప్పలేదు."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏడుస్తాడని."

"రోబో ఏడవదు అమ్మమ్మా." నీల అమ్మమ్మ వైపు తిరిగింది. "నేను ఏడుస్తా. నువ్వు ఊరెళ్తావ్ కదా."

అమ్మ దాని చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నేను టీ పట్టుకుని వరస చివరి సీట్లో కూర్చుండిపోయాను.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ వెనక సీట్లోనే. నీల తెలుగు సగం తప్పులే, అయినా ఆగట్లేదు. అమ్మ ఏదో అడిగితే అలవాటు కొద్దీ నేను ఇంగ్లీష్‌లో చెప్పబోయాను. "అమ్మా, యూ జస్ట్ డ్రైవ్" అంది నీల. సంతోషంతో పాటు కాస్త కుళ్లు కూడా పుట్టింది నాకు, అబద్ధమెందుకు. ఐదు నెలలూ వాళ్లకి సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఇలాంటి షోకి పెద్దవాళ్లనీ పిల్లల్నీ కలిపి తీసుకెళ్తుంటే ఒక్కటే సలహా: మధ్య సీటు మాత్రం మీరు తీసుకోకండి.