వణికే చెయ్యి

లేపాక్షి గుడి మండపంలో ఫోటోగ్రాఫర్ ఆరీఫా ఎవరిని నిలబెట్టినా మూడు ఫోటోలు తీస్తుంది: నీడకొకటి, మొహానికొకటి, వెనకాల మండే ఆకాశానికొకటి. “కదలొద్దండప్పా” అంటూ తానే ఊపిరి బిగబడుతుంది. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకటిగా కలుపుతుంది. మధ్యలో కదిలినదాన్ని చెరిపేస్తుంది.

నిన్న పుల్లన్న, రామసుబ్బమ్మ అనే ముసలి దంపతులు వచ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇద్దరూ కలిసి దిగే మొదటి ఫోటో ఇది. ఆయన వణికే చెయ్యి ఆమె భుజం మీద వేశాడు. ఫోటోలో ఆ చెయ్యి లేదు. “ఆయప్ప చెయ్యి యాడికి పోయె పాపా?” రామసుబ్బమ్మ మొహం చిన్నబోయింది. ఆరీఫా మళ్లీ తీసింది, మళ్లీ మాయం. చివరికి ఏదీ కలపకుండా, మొహానికి తీసిన ఒక్క ఫోటోనే చూపించింది. చెయ్యి ఉంది, కాస్త మసగ్గా. ఆకాశం మాత్రం తెల్లగా పాలిపోయింది. “ఆకాశం పోయిందవ్వా” అని నసిగింది.

“పోతే పోనీలే పాపా,” అంది రామసుబ్బమ్మ. “మన కరువు ఆకాశంలో మబ్బేమన్నా ఉండాదా?”