పన్నెండు నిమిషాల్లో అయిపోయే పోస్టు

నా బ్లాగులో ప్రతి పోస్టూ క్షమాపణతోనే మొదలయ్యేది. "మిమ్మల్ని పలకరించి చాలా రోజులైంది, ఏమీ అనుకోవద్దు" అని ఒక పేరా. ఆలస్యానికి కారణాలు ఇంకో పేరా. ఆ తర్వాత "అసలు విషయానికి వచ్చే ముందు" అని ఎత్తుకుని, ఆ విషయం నాకెలా తట్టింది, అప్పుడు పొయ్యి మీద ఏముంది, అన్నీ చెప్పేదాన్ని. గోంగూర పచ్చడి గురించి రాద్దామని కూర్చుంటే నేను అమెరికాలో దిగిన రోజు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఎందుకలా అని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

అలాంటి పోస్టు నాలుగు నెలలకొకటి వచ్చేది. శాంటా క్లారాలో ఉండే నా స్నేహితురాలు అందరికంటే ముందు కామెంట్ పెట్టేది: "సూపర్! సేవ్ చేసుకున్నా. వీకెండ్‌లో తీరిగ్గా చదువుతా." ఆ వీకెండ్ ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. మా ఆయన మాత్రం నా ఎదురుగానే కూర్చుని, ఫోన్‌లో పోస్టుని బొటనవేలితో సర్రున పైకి తోసి, చివరికి చేరాక "బాగుంది" అనేవారు. ఉప్మా ప్యాకెట్ వెనక ఉన్నది మూడుసార్లు చదివే మనిషి, నన్ను మాత్రం అరనిమిషంలో ముగించేసేవారు.

మా అమ్మాయికి పదకొండేళ్ళు, మేముండే ఈ కమ్మింగ్ ఊళ్ళోనే పుట్టింది. ప్రతి ఆదివారం పొద్దున్నే తెలుగు క్లాసుకి తీసుకెళ్తాను. ఇంటి నుంచి పన్నెండు నిమిషాల డ్రైవ్, ఒక చర్చి వెనక గదిలో క్లాసు. దానికి అక్షరాలన్నీ వచ్చు, కాని వత్తు కనిపిస్తే వేలు ఆగిపోతుంది. కిందటి చలికాలం మొదట్లో ఒక ఆదివారం కారెక్కాక, తనంతట తనే "అమ్మా, నీ బ్లాగ్ చదువుతా" అంది. నేను పొంగిపోయి వెంటనే ఫోన్ ఇచ్చాను.

పైకే చదవసాగింది. నా క్షమాపణ పూర్తయ్యేసరికి రెండు సిగ్నళ్ళు దాటాం. కారణాల పేరా సగం దారి తినేసింది. "అసలు విషయానికి వచ్చే ముందు" అన్న చోటికి రాగానే చర్చి వచ్చేసింది.

"అమ్మా, అసలు విషయం ఎప్పుడు వస్తది?"

"వస్తుందమ్మా, ఇంకో నాలుగు పేరాల తర్వాత."

"దెన్ వై నాట్ స్టార్ట్ దేర్?"

నవ్వేశాను కాని, ఒళ్ళు మండింది. తర్వాతి రెండు ఆదివారాలూ మళ్ళీ ప్రయత్నించింది. రెండుసార్లూ దాదాపు అక్కడే ఆగింది. మూడోసారి కారు ఆపాక ఫోన్ నాకిచ్చేసింది.

"నెక్స్ట్ ఇయర్ తెలుగు క్లాస్ వద్దమ్మా. త్రీ ఇయర్స్ నుంచి వెళ్తున్నా, తెలుగులో ఒక్కటి కూడా ఎండ్ దాకా చదవలేదు నేను. చదవలేకపోతే ఎందుకు వెళ్ళడం?"

కోపంగా అని ఉంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని. అది మామూలుగా, నిజం చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మే నెలలో లాస్ట్ క్లాస్ దాకా చూద్దాం. ఆ రోజు నువ్వే చెప్పు, నేను బలవంతం చేయను" అన్నాను. సరేనని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. పదేళ్ళుగా తెలుగులో రాస్తున్నాను, నా సొంత కూతురే చదవలేకపోతే ఇదంతా ఎవరి కోసం అని పార్కింగ్ లాట్‌లో కూర్చుని భయపడ్డాను.

ఆ మధ్యాహ్నం ముందు పిల్లని తప్పుపట్టాను. తర్వాత ఆ క్లాసుని, ఆ తర్వాత ఏ పాపమూ ఎరగని మా ఆయనని. ఇక ఎవరూ మిగలక, వంటింటి టైమర్ పెట్టుకుని నా పోస్టుని అమ్మాయి చదివే వేగంతో పైకి చదివాను. పన్నెండు నిమిషాలకి టైమర్ మోగింది. అప్పటికి నేనింకా ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేస్ కోసం చూస్తున్నాను. గోంగూర ఊసే లేదు. నాకే సిగ్గేసింది.

అప్పుడు నిర్ణయించుకున్నాను. నా పోస్టు చర్చి వచ్చేలోపు అయిపోవాలి. కారులో ఫోన్‌లోని చిన్న అక్షరాలు చూస్తే దానికి తల తిరుగుతోంది కాబట్టి, పెద్ద అక్షరాలతో ఒక్క కాగితం ప్రింట్ తీయాలి. ఆ వారం కరివేపాకు మొక్క గురించి రాశాను. మొదట రెండు పేజీలొచ్చింది. క్షమాపణ కొట్టేశాను. కారణాలు కొట్టేశాను. ఆ మొక్క ఎవరింటి నుంచి వచ్చిందో, వాళ్ళు మాకెలా పరిచయమో చెప్పే పేరా తీసేయడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు, రెండు కప్పుల టీ పట్టింది. చివరికి మిగిలింది ఇంతే: చలికి తట్టుకోలేదని మొక్కని గరాజ్‌లోకి తెచ్చాం, అది సర్దుకోవడానికి చోటు కావాలని మా ఆయన కారు బయట పెట్టారు, తెల్లారేసరికి ఆయన కారు అద్దం మీద మంచు గీకుతున్నారు, లోపల కరివేపాకు హీటర్ ముందు హాయిగా ఉంది.

ఆదివారం కారులో అమ్మాయి చదువుతూ చదువుతూ ఒక్కసారిగా పకపకా నవ్వింది. "నాన్న బయట, ప్లాంట్ లోపల!" అంది. తర్వాత కాగితం తిప్పి వెనక చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఫుల్‌గా?"

"ఫుల్‌గా."

ఇంకా రెండు సిగ్నళ్ళు మిగిలున్నాయి. ఆ రెండు సిగ్నళ్ళూ అది కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని గర్వంగా కూర్చుంది.

ఇక ఆదివారం వస్తే కొత్త కాగితం కావాల్సిందే. నాలుగు నెలలకోసారి రాసేదాన్ని వారం వారం బ్లాగులో పెట్టడం మొదలుపెట్టాను. శాంటా క్లారా నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమే, ఈసారి నిజంగా చదివా!"

"అంటే ఇన్నాళ్ళూ?"

"సేవ్ చేసుకున్నా కదే!"

దాన్ని నాలుగు తిట్టాను. కాని ఆ రోజంతా ఉత్సాహంగానే ఉన్నాను.

అన్నీ బాగా వచ్చాయని చెప్పను. కొన్ని మరీ చప్పగా ఉండేవి. ఇంత చిన్నవి రాయడం కూడా ఒక రాయడమేనా అని గింజుకునేదాన్ని. కాని ఫిబ్రవరిలో పెరుగు గురించి రాసినప్పుడు ఆ గింజుకోవడం ఆగిపోయింది. చలికి పెరుగు తోడుకోదు కదా, అందుకని ఓవెన్‌లో లైటు వేసి పాలగిన్నె లోపల పెట్టాను. మా అమ్మాయి లోపల చూడకుండా పిజ్జా కోసం అదే ఓవెన్ ఆన్ చేసింది. ఆ కథ కారులో చదువుతూ మధ్యలో ఆగి నా మీద విరుచుకుపడింది.

"దట్స్ నాట్ ఫెయిర్! నువ్వు ఓవెన్ మీద నోట్ పెట్టలేదు. అది కూడా రాయి!"

నిజమే, పెట్టలేదు. ఇంటికెళ్ళి ఆ వాక్యం చేర్చాను. దానితో పోస్టు బాగుపడింది, ఒప్పుకోవడానికి మాత్రం కష్టమనిపించింది.

మే నెలలో చివరి క్లాసు రోజు వచ్చింది. దాని నిర్ణయం ఆ రోజే అని ఇద్దరికీ తెలుసు. ఆ వారం నాకు పాత జబ్బు తిరగబెట్టింది. కరివేపాకు మొక్కని మళ్ళీ బయటికి తెచ్చామని రాయబోతే మనసు నిండిపోయి, కాగితం రెండు వైపులా నిండింది. పైన "అసలు విషయానికి వచ్చే ముందు" అని మొదలైంది కూడా. అది చూడగానే అమ్మాయి బ్యాగులోంచి ఊదా రంగు పెన్ను తీసి, మొదటి పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది. అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టింది.

అయినా సరిపోలేదు. కారు ఆపేసరికి ఇంకా ఆరు లైన్లు మిగిలాయి. మిగతా పిల్లలందరూ లోపలికి వెళ్ళిపోయారు. తలుపు దగ్గర టీచర్ చెయ్యి ఊపారు.

"లేటవుతోంది, పద. తర్వాత చదువుదువుగాని" అన్నాను.

"ఆగమ్మా." టీచర్ వైపు అరచెయ్యి చూపించి, వేలు మళ్ళీ కాగితం మీద పెట్టింది. "మొ-క్క బ-తి-కిం-ది. చలి-కాలం మొదట్లో మా అమ్మాయి నేను రాసిం-ది ఎప్పటికీ చదవ-లేదేమో-నని భయ-పడ్డాను. ఆ భయం ఇప్పుడు లేదు. ఇది కూడా త-నే చదువు-తుం-ది." చివరి చుక్క దాకా వేలు జరిపి, నా మొహంలోకి చూసింది.

"ఇది నా గురించా?"

"నీ గురించే."

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని కారు దిగింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి అద్దం దించమంది.

"నెక్స్ట్ ఇయర్ ఇలా పెద్దది రాస్తే కొంచెం స్లోగా డ్రైవ్ చేయి, ఓకే?"

అది లోపలికి పరిగెత్తింది. నేను పార్కింగ్ లాట్‌లోనే ఫోన్ తీసి, ఆ పోస్టుని రెండో పేరా నుంచి పబ్లిష్ చేశాను.