చిన్నమ్మ బర్రె చెవి బిళ్ల

నిన్న పొద్దున నా స్కూటర్ బీమా గడువు ముగుస్తోందని ఫోన్ చేసిన అమ్మాయి, చివర్లో గొంతులో తేనె కలిపి, మా కంపెనీ మీద నమ్మకం ఉంచండి సార్ అన్నది. పాపం, ఎవరో రాసిచ్చింది చదివింది. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బీమావాళ్ల నోట నమ్మకం అన్న మాట వింటే నాకు రాయికల్ దగ్గరి మా చిన్నమ్మ గుర్తొస్తుంది.

ఆ రోజులు మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. పగలు పోలీసులు, రాత్రి నక్సలైట్ అన్నలు, ఒకరికి అన్నం పెడితే ఇంకొకరికి జవాబు చెప్పుకోవాలి. చిన్నాయన పోయాక బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను సాకుతున్న చిన్నమ్మకు బ్యాంకువాళ్లు అప్పు మీద ఒక బర్రెను ఇప్పించి, దాంతోపాటే బీమా కూడా అంటగట్టి, గుర్తు కోసం దాని చెవికి నంబరున్న బిళ్ల బిగించారు. వానల్లో ఆ చెవి చీము పట్టి బర్రె మేత ముట్టకపోతే, వరసకు అల్లుడయ్యే బీమా ఏజెంటునే అడిగింది. "తీసి దాసిపెట్టు అత్తా, పుండు మానినంక మళ్ల ఏయిస్త" అన్నాడతను. చిన్నమ్మ బిళ్లను కడిగి, పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టుకుంది.

పుండు మానకముందే బర్రె కడుపుబ్బి చచ్చిపోయింది, అదీ అన్నలు పిలుపిచ్చిన బంద్ మొదలైన రోజున. బస్సుల్లేవు, ఊరి చుట్టూ పోలీసులు గాలిస్తున్నారు, పశువుల డాక్టరు రాలేనన్నాడు. వాసన వేసేదాకా చూసి ఊరివాళ్లు పూడ్చేశారు.

నేనప్పుడు జగిత్యాలలో ఎరువుల దుకాణంలో గుమాస్తాను. బస్సులు తిరగ్గానే చిన్నమ్మ బిళ్లను కొంగున ముడేసుకుని వచ్చి, నన్ను వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకు పోయింది. ఆఫీసరు దాన్ని ముట్టనైనా లేదు. బిళ్ల చెవికే ఉండాలట, చేతిలో ఉంటే చెల్లదట, డాక్టరు చూడకుండా పూడ్చడం ఇంకో తప్పట. బంద్ సంగతి చెబితే దాంతో కంపెనీకి సంబంధం లేదన్నాడు. బీమా చేసేటప్పుడు ఇందులో ఒక్క ముక్కా ఎవరూ చెప్పలేదు. ఒళ్లు మండి, తీయమన్నది మీ మనిషే కదా అని గట్టిగా అడిగాను. పక్క కుర్చీలోనే కూర్చున్న అల్లుడు తలెత్తకుండానే "నేనట్ల చెప్పలే సారూ" అన్నాడు.

చిన్నమ్మ బిళ్లను మళ్లీ కొంగున ముడేసుకుంది. "పోదాం పా కొడుకా, వీనికి నా మొకం సూసే దమ్ము లేదు" అని లేచింది. నేను పట్టు వదలక అర్జీలు పెడుతూనే ఉన్నాను, గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఆమె బీడీలు చుట్టుకుంటూనే బ్యాంకు అప్పు తీర్చింది. కొన్నేళ్లకు ఇంకో బర్రెను ఇప్పిస్తామని బ్యాంకు సారు ఇంటికొస్తే, "బర్రెనైతే నేను సాకుత సారూ, మీ మాటను ఎవరు సాకుతరు?" అని పంపించేసింది. మళ్లీ పాడి జోలికి పోలేదు.

ఇప్పుడు రాయికల్ దారిలో ఎంత రాత్రయినా హాయిగా పోవచ్చు, బీమాకు ఫోన్లో ఫోటో పంపితే చాలంటున్నారు, సంతోషమే. ఆ కాలంలో తుపాకులతో మమ్మల్ని భయపెట్టినవాళ్ల ముఖాలు నాకు ఒక్కటీ గుర్తులేవు. ఏ భయమూ లేని ఆ ఆఫీసు గదిలో కూర్చుని, అత్తా అని పిలిచిన నోటితోనే అబద్ధమాడిన ఆ మనిషి ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా మరవలేకపోతున్నాను.